చేతిసంచిలో పట్టే మంచి కెమేరా



ఇంట్లోకి ఒక మిక్సీ కొనాలంటే మనం నాలుగు షాపులు తిరుగుతాం. మోటారు ఎన్ని వాట్లు, జారు మూత గట్టిగా పడుతుందా, గ్యారంటీ ఎన్నేళ్ళు అని పదిసార్లు అడుగుతాం. పట్టుచీర సంగతైతే చెప్పనే అక్కర్లేదు. కొట్టువాడి దీపాల వెలుగును నమ్మకుండా గుమ్మం దాకా తీసుకువెళ్ళి ఎండలో జరీ చూసుకుంటాం. అంతటి మనమే కెమేరా దగ్గరికి వచ్చేసరికి, "ఆ లెక్కలన్నీ మనకేం తెలుస్తాయి, పిల్లలో వాళ్ళ నాన్నగారో చూసుకుంటార్లే" అని పక్కకి తప్పుకుంటాం. తీరా కొన్న తర్వాత దాన్ని ఎక్కువగా వాడేది ఎవరు? మనమే. బొమ్మల కొలువుకీ, పాపాయి అన్నప్రాశనకీ, అత్తగారి ఎనభయ్యో పుట్టినరోజుకీ కెమేరా పట్టుకు నిలబడేది మనమే కదా.

ఇంకొక మాట. మిక్సీ చెడిపోతే బాగుచేయించుకోవచ్చు. అన్నప్రాశన ఫోటోలన్నీ మసకమసకగా వస్తే ఆ రోజును మళ్ళీ జరిపించలేం. అంచేత ఈ కొనుగోలులో పోయేది డబ్బు ఒక్కటే కాదు. ఈ పూట మంచి చిన్న కెమేరాను ఎలా ఎంచుకోవాలో, కొట్టువాడిని ఏమడగాలో చెప్పుకుందాం.

ఒకప్పుడు ఫోటో తీయించుకోవడమే ఆడవాళ్ళకు గగనంగా వుండేది. రాజా దీన్ దయాళ్ గారు 1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. మగవాడి ఎదుటికి రాకుండా ఫోటో దిగడానికి అదొక దారి. ఆ తర్వాత హోమాయ్ వ్యారవాలా లాంటి మహిళలు తామే కెమేరా చేతబట్టి దేశ చరిత్రను ఫోటోలు తీశారు. ఫిల్ము అక్కర్లేని డిజిటల్ కెమేరాను 1975లో అమెరికాలో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తయారుచేశారు. అది దాదాపు మూడున్నర కిలోల బరువు. ఒక్క ఫోటోను క్యాసెట్టు టేపు మీద ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేదట! ఇప్పుడు అంతకు ఎన్నో రెట్లు మంచి ఫోటో తీసే కెమేరా, పావుకిలో పైచిలుకు బరువుతో, మన చేతిసంచిలో రుమాలు పక్కన ఒదిగిపోతోంది.

"చేతిలో ఫోను వుండగా మళ్ళీ కెమేరా ఎందుకు?" అని ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఫోన్లు వచ్చాకే చిన్న కెమేరాల వ్యాపారం పడిపోయింది. 2010లో ప్రపంచం మొత్తం మీద జపాను కంపెనీలు ఇలాంటివి 10 కోట్లకు పైగా పంపితే, 2023 నాటికి అది 20 లక్షల లోపుకు వచ్చేసింది. మామూలు రకాలు చాలావరకు మూతపడి, మంచి రకాలు కొన్ని మిగిలాయి. అందుకే ఎంపిక తక్కువ, ఖరీదు ఎక్కువ. నాణ్యమైనవాటిలో చాలావాటికి కొత్తదైతే అరలక్షకు పైగానే పెట్టాలి. అంత డబ్బు పెట్టేటప్పుడు, ఫోను చేయలేని పని ఏదో ఒకటి ఆ కెమేరా చేసి తీరాలి. పట్టపగలు పెరట్లో మల్లెచెట్టు ఫోటో చాలంటే మీ ఫోనే చాలు, ఆ డబ్బు దాచుకోండి. స్కూలు వార్షికోత్సవంలో దూరాన వేదిక మీద మనమ్మాయి కూచిపూడి నృత్యం కావాలన్నా, సాయంకాలపు గుడ్డి వెలుతురులో పరుగెత్తే పిల్లాడు స్పష్టంగా కావాలన్నా, అప్పుడు కెమేరా మాట ఆలోచించాలి.

సరే, కొట్టుకు వెళ్ళాం. కొట్టువాడు మొట్టమొదట అనే మాట "మెగాపిక్సెళ్ళు". "ఇది ఇరవై, అది నలభై, మీ ఇష్టం" అంటాడు, నలభై అంటే రెట్టింపు మంచిదన్నట్టు. మెగాపిక్సెలు అంటే పది లక్షల చుక్కలు. ముగ్గులో చుక్కల్లాగే ఫోటో అంతా చుక్కలతో ఏర్పడుతుంది. ఆల్బములో అంటించే నాలుగు అంగుళాల, ఆరు అంగుళాల ఫోటో నిక్కచ్చిగా రావడానికి సుమారు 22 లక్షల చుక్కలు చాలు. ఎనిమిది, పన్నెండు అంగుళాల పెద్ద ఫోటో గోడకు తగిలించుకోవాలన్నా 90 లక్షల లోపే. 20 మెగాపిక్సెళ్ళంటే రెండు కోట్ల చుక్కలు. మన ఇంటి అవసరాలకు అవి ధారాళంగా సరిపోతాయి. కాబట్టి ఆ అంకె దగ్గర ఆగిపోకండి.

అడగవలసిన ప్రశ్న మరొకటి వుంది: "లోపల సెన్సారు ఎంత పెద్దది?" సెన్సారు అంటే పాత కెమేరాలో ఫిల్ము వుండే చోట వుండే పలక. వెలుతురు పడేది దాని మీదే. దీన్ని మన వాకిలి అనుకోండి, వెలుతురును వాన అనుకోండి. ఇంత వాకిలిలోనూ, పెద్ద మండువాలోనూ ఒకే వాన కురిస్తే ఎక్కువ నీళ్ళు పట్టేది మండువాలోనే కదా. వాకిలి చిన్నదిగానే వుంచి, పది చెంబులకు బదులు నలభై ఉగ్గుగిన్నెలు పేర్చినంత మాత్రాన వాన నీళ్ళు పెరగవు. మెగాపిక్సెళ్ళు గిన్నెల లెక్క. సెన్సారు వాకిలి లెక్క. ఎండ కుండపోతగా వున్నప్పుడు ఏ వాకిలైనా నిండుతుంది. సాయంత్రం ఇంట్లో, వెలుతురు చినుకులుగా పడేటప్పుడే తేడా బయటపడుతుంది.

కొలతలు కూడా చెప్పేస్తాను, ఒక కాగితం మీద రాసుకోండి. చవక కెమేరాల్లోనూ, మరీ దూరం లాగే జూమ్ కెమేరాల్లోనూ సెన్సారు సుమారు 6 మిల్లీమీటర్లకు నాలుగున్నర, అంటే కందిపప్పు బద్దంత. దాని పేరు "ఒకటి బై 2.3 అంగుళాల" సెన్సారు. తర్వాతది "ఒక అంగుళం" సెన్సారు. పేరు విని నిజంగా అంగుళం వుంటుందనుకోకండి. వెనకటి టెలివిజన్ కెమేరాల గాజుగొట్టాల కొలతల నుంచి వచ్చిన పేరది. అసలు కొలత 13.2 మిల్లీమీటర్లకు 8.8, చిక్కుడుగింజంత. అయినా విస్తీర్ణంలో మొదటిదానికి నాలుగు రెట్లు. ఆపైన "ఏ.పి.ఎస్.-సి." అనేది సుమారు 23.5కు 15.6, ఒక చిన్న తపాలాబిళ్ళంత. ఇది అంగుళం సెన్సారుకు మూడు రెట్లు. అంతకన్నా పెద్దది 36కు 24, అంటే మన పాత ఫిల్ము రీలులో ఒక నెగటివు ఎంత వుండేదో అంత. చిన్న కెమేరాల్లో అది బహు అరుదు, బహు ఖరీదు. మన పనికి అంగుళం సెన్సారుకు తగ్గకుండా చూసుకుంటే, పెట్టిన డబ్బుకు ఫలితం కనిపిస్తుంది.

వెలుతురు చాలనప్పుడు కెమేరా ఏం చేస్తుందంటారా? వచ్చిన కాస్త వెలుతురునే పెంచి చూపిస్తుంది. దాన్ని ఐ.ఎస్.ఓ. పెంచడం అంటారు. అనుకోకుండా చుట్టాలు వస్తే చారులో నీళ్ళు పోసి పెంచుతామే, అలాంటిదే. అందరికీ సరిపోతుంది గాని రుచి పలచబడుతుంది. ఫోటో కూడా అంతే. ఐ.ఎస్.ఓ. బాగా పెంచినప్పుడు చెంపల మీదా, నల్లటి జుట్టు మీదా ఇసుక చల్లినట్టు చుక్కలు కనిపిస్తాయి. పెద్ద సెన్సారుకు అసలు చారే ఎక్కువ, అందుకే నీళ్ళు పోయవలసిన అవసరం తక్కువ.

వాకిలి అయింది, ఇక కిటికీ సంగతి. వెలుతురు లోపలికి వచ్చేది లెన్సు గుండా. లెన్సు చుట్టూ "ఎఫ్" అనే అక్షరం పక్కన 1.8 అనో, 2.8 అనో రాసి వుంటుంది, లేదా 1 పక్కన రెండు చుక్కలు పెట్టి ఆ అంకె వేస్తారు. ఇక్కడ లెక్క తిరగేసి చదువుకోవాలి. అంకె తగ్గినకొద్దీ కిటికీ పెద్దది. 2.8 లోంచి వచ్చే వెలుతురుకు రెట్టింపు 2 లోంచి వస్తుంది. 1.8 అయితే దాదాపు రెండున్నర రెట్లు. రెండు అంకెలు, ఉదాహరణకు "1.8–2.8" అని వుంటే, మొదటిది జూమ్ లాగనప్పటి కిటికీ, రెండోది జూమ్ పూర్తిగా లాగినప్పటిది. కొట్టువాడు మొదటి అంకె ఒక్కటే చెబుతాడు. రెండోది మీరే అడగాలి.

జూమ్ రెండు రకాలు. "ఆప్టికల్ జూమ్" అంటే లోపలి అద్దాలు కదిలి దూరపు వస్తువును నిజంగా దగ్గరికి తెచ్చేది. "డిజిటల్ జూమ్" అంటే ఫోటోలో మధ్య ముక్క కోసి సాగదీసేది. ఉన్న పిండినే ఇంకా పలచగా ఒత్తితే చపాతీ పెద్దదవుతుంది గాని పిండి పెరగదు. పెట్టె మీద ఆప్టికల్ అన్న మాట పక్కన ఎంత అంకె వుందో అదే మీకు అసలు జూమ్.

ఇక చేతి కదలిక. "స్టెబిలైజేషన్ వుందండీ, ఫోటో కదలదు" అంటారు. నిజమే, సగం నిజం. అది మన చేతి వణుకును సరిదిద్దుతుంది గాని, పిల్లాడి పరుగును ఆపలేదు. నిలుచున్న మనిషికి సెకనులో 125వ వంతు కాలం చాలు. పరుగెత్తే పిల్లలకు 500వ వంతో ఇంకా తక్కువో కావాలి. అంత తక్కువ కాలంలో సరిపడా వెలుతురు రావాలంటే మళ్ళీ పెద్ద వాకిలి, పెద్ద కిటికీ కావలసిందే. చూశారా, ఎటు తిరిగినా మొదటి రెండు ప్రశ్నల దగ్గరికే వస్తున్నాం.

ఉదాహరణకు కొన్ని కెమేరాలను పక్కపక్కన పెట్టి చూద్దాం. కొనమని కాదు, పోల్చుకోవడం అలవాటు కావాలని. ఈ నాణ్యమైన చిన్న కెమేరాల వరసకు ఊపు తెచ్చింది 2012లో సోనీ కంపెనీ అంగుళం సెన్సారుతో తెచ్చిన ఆర్.ఎక్స్.100. 2019లో దాని ఏడో రూపం, కెనాన్ వారి జి7 ఎక్స్ మూడో రూపం రెండూ వచ్చాయి. రెండింటికీ అంగుళం సెన్సారే, 20 మెగాపిక్సెళ్ళే, రెండూ సుమారు 300 గ్రాములే. మరి తేడా? సోనీ జూమ్ కెనాన్ కన్నా రెట్టింపు దూరం వెళుతుంది, కాని కిటికీ 2.8 దగ్గర మొదలై 4.5కు కుంచించుకుపోతుంది. కెనాన్‌ది అంత దూరం వెళ్ళదు, కిటికీ మాత్రం 1.8 నుంచి 2.8 వరకు విశాలంగా వుంటుంది. వేదిక మీది నృత్యానికి మొదటిది, ఇంట్లో పేరంటానికి రెండోది. రెండింటిలో ఏది గొప్పదని అడిగితే, మీ ఇంట్లో ఏ ఫోటోలు ఎక్కువ తీస్తారని తిరిగి అడగాలి.

రికో వారి జి.ఆర్. మూడోది, అదీ 2019లో వచ్చినదే, 257 గ్రాముల కెమేరా. లోపల తపాలాబిళ్ళంత సెన్సారు. కాని జూమ్ లేదు, ఫ్లాష్ లేదు. దగ్గరికి కావాలంటే మనమే నడిచి వెళ్ళాలి. ఫుజి వారు 2024లో తెచ్చిన ఎక్స్100 ఆరో రూపానికీ జూమ్ లేదు. 40 మెగాపిక్సెళ్ళు, కంటికి ఆనించి చూసే కిటికీ, చూడముచ్చటైన పాతకాలపు వాలకం. బరువు మాత్రం అరకిలో పైమాటే. దీనికి పూర్తి వ్యతిరేకం కెనాన్ ఎస్.ఎక్స్.740, 2018 నాటిది. దీని జూమ్ 40 రెట్లు. గుడి గోపురం మీది బొమ్మ ముక్కుపుడక కూడా కనిపిస్తుంది. అయితే సెన్సారు కందిపప్పంతే, జూమ్ పూర్తిగా లాగితే లోపలికొచ్చే వెలుతురు మొదటిదానిలో నాలుగో వంతు కూడా వుండదు. ఎండలో తీర్థయాత్రలకు బాగుంటుంది, రాత్రి కల్యాణమంటపంలో చిన్నబోతుంది. అన్నీ ఒకదానిలోనే వున్న చిన్న కెమేరా లేదు. అన్నీ వున్నాయని ఎవరైనా అంటే ఆ మాటను కాస్త అనుమానించండి.

కాగితం లెక్కలు అయ్యాక చేతి లెక్క. మీ మెమరీ కార్డు మీరే తీసుకువెళ్ళండి. ప్రదర్శనకు పెట్టిన కెమేరాలో వేసి తీసి చూస్తానని అడగండి. కొట్టులో దీపాల ఎదుట కాకుండా మూల చీకట్లో ఒక ఫోటో, నడిచి వస్తున్న మనిషిది ఒకటి, జూమ్ పూర్తిగా లాగి ఒకటి, గుమ్మం బయట ఎండలో ఒకటి తీయండి. ఎండలో వెనక తెర కనిపిస్తోందా? కనిపించకపోతే కంటికి ఆనించి చూసే సదుపాయం వున్నది మేలు. గాజులున్న చేత్తో, ఒంటి చేత్తో పట్టుకుంటే జారుతోందా? మీట నొక్కిన వెంటనే ఫోటో పడుతోందా, పిల్లాడు వెళ్ళిపోయాక పడుతోందా? ఇంటికి వచ్చి ఆ ఫోటోలు పెద్ద తెర మీద చూస్తే, పది మంది సలహా కన్నా ఎక్కువ తెలుస్తుంది.

బ్యాటరీ సంగతి తప్పక అడగాలి. ఈ చిన్న కెమేరాల్లో ఒక ఛార్జికి చాలావాటికి 200 నుంచి 300 ఫోటోలే. పెళ్ళికి వెళితే మధ్యాహ్నం భోజనాల వేళకే అయిపోతుంది. రెండో బ్యాటరీ ఖరీదు కూడా మొదటే లెక్కలో కలుపుకోండి. ఫోను ఛార్జరు తీగతోనే ఛార్జి అవుతుందేమో కూడా చూసుకోండి, ప్రయాణంలో ఒక బరువు తగ్గుతుంది. "రా" ఫైలు తీస్తుందా అని అడగండి. మామూలు ఫోటో వండి వార్చిన అన్నం. రా అంటే బియ్యం. తర్వాత కంప్యూటరులో మనకు కావలసినట్టు వండుకోవచ్చు. ఈ రోజు మీకు అక్కర లేకపోయినా, రేపు మీ అమ్మాయి నేర్చుకుంటే పనికొస్తుంది.

ఇప్పుడు హెచ్చరికలు. ఇంటర్నెట్ అంగళ్ళలో నాలుగైదు వేలకే "48 మెగాపిక్సెళ్ళు, 16 రెట్ల జూమ్" అని ఊరూ పేరూ లేని కెమేరాలు కనిపిస్తాయి. చాలావాటిలో ఆ చుక్కలు లోపలి యంత్రం కల్పించి పూరించినవి, ఆ జూమ్ డిజిటల్ జూమ్. గుర్తుపట్టడం తేలిక. సెన్సారు కొలత ఎక్కడా చెప్పరు. రెండో మోసం దొంగదారిన వచ్చిన సరుకు. "బిల్లు లేకుండా అయితే పదివేలు తగ్గిస్తా" అంటే ఒప్పుకోకండి. పెట్టె మీద దిగుమతి చేసుకున్న కంపెనీ పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర ముద్రించి వుండాలని చట్టం. అవి లేకపోతే ఇక్కడి గ్యారంటీ వర్తించదని చెప్పే ప్రమాదం వుంది. బిల్లులో కెమేరా సీరియల్ నెంబరు రాయించుకోండి. తగాదా వస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నెంబరు 1915 వుంది.

వాడిన కెమేరా చవకగా దొరికితే కొనవచ్చు, కాని నాలుగు పరీక్షలు చేయాలి. తెల్లటి గోడనో ఆకాశాన్నో ఫోటో తీసి నల్లమచ్చలున్నాయేమో చూడండి. వుంటే లోపల దుమ్ము చేరినట్టే. టార్చిలైటు వేసి లెన్సులోకి చూస్తే సాలెగూడు లాంటి బూజు కనిపిస్తుందేమో చూడండి. జూమ్ నాలుగుసార్లు లోపలికీ బయటికీ పంపి, గరగరమంటోందా వినండి. పాత బిల్లు అడగండి.

కొన్న తర్వాత కాపాడుకోవడం మన చేతిలోనే వుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో లెన్సుకు బూజు త్వరగా పడుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి కెమేరా అందులో పెట్టండి. బీరువాలో చీరల మధ్య మాత్రం పెట్టకండి. బట్టలకు వేసే కలరా ఉండల ఆవిరి కెమేరాకు పడదు. చేతిసంచిలో పౌడరు డబ్బా, బిస్కెట్ల పొడి మధ్య వట్టిగా పడేయకండి. ముందుకూ వెనక్కూ కదిలే లెన్సు ఆ పొడిని లోపలికి లాగేసుకుంటుంది. తర్వాత దాన్ని తీయించాలంటే కెమేరా మొత్తం విప్పాలి.

అన్నిటికన్నా ముఖ్యం, ఫోటోలు ఒక్క చోటే వుంచవద్దు. కార్డులో వున్నవి కంప్యూటరులోకి, అక్కడి నుంచి విడిగా ఒక హార్డ్ డిస్కులోకి ఎక్కించి, ఆ డిస్కు వీలైతే మరో ఇంట్లో, చెల్లెలి దగ్గరో అన్నయ్య దగ్గరో వుంచండి. ఏడాదికి ఒక్కసారైనా ఓ యాభై ఏరి కాగితం మీద అచ్చు వేయించండి. కరెంటు లేకపోయినా, సంకేతపదం మరచిపోయినా ఆల్బము తెరుచుకుంటుంది.

చివరగా ఒక్క మాట. చాలా ఇళ్ళ ఆల్బముల్లో అందరూ వుంటారు, అమ్మ వుండదు. ఫోటో తీసింది ఆమే మరి! అందుకే కొట్టులో ఇంకొకటి అడగండి: "పది సెకన్లు ఆగి దానంతట అదే ఫోటో తీసే టైమరు ఎక్కడుంది, చూపించండి." ఆ మీట బాగా గుర్తుపెట్టుకోండి. కెమేరాను ఏ బల్ల మీదో పెట్టి, మీట నొక్కి, కొంగు సర్దుకుని మీరూ వరసలోకి వెళ్ళి నిలబడండి. రేపు మీ మనవరాలు ఆల్బము తిరగేసినప్పుడు అందులో మీరు కూడా కనిపించాలి కదా.